పాత బండికి ఇంట్లోనే స్ప్రే పెయింట్ వేయడం ఎలా: టాంకును బట్టి ప్లాన్ చేసుకోండి

పాత మోటార్‌సైకిల్‌కి ఇంట్లోనే స్ప్రే డబ్బాలతో రంగు వేద్దామనుకునేవాళ్లు మొట్టమొదట రంగు ఎంచుకుంటారు. నా లెక్కలో ముందు ఆలోచించాల్సింది పెట్రోల్ గురించి. బండి చూడగానే కళ్లు పడేది టాంకు మీద, పెట్రోల్ ఒలికేదీ ఆ టాంకు మీదే. మామూలు స్ప్రే పెయింట్ మడ్‌గార్డు మీద ఏళ్ల తరబడి నిలుస్తుంది. అదే పెయింట్ టాంకు మూత చుట్టూ పెట్రోల్ ఒలకగానే జిగురుజిగురుగా మారి, తుడిచిన గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. అందుకే ఏ డబ్బా కొనాలి, ముఖానికి ఏ మాస్కు కావాలి, ఏ పని తర్వాత ఏ పని చేయాలి అన్నవన్నీ టాంకును బట్టే తేల్చుకోవాలి.

అసలు వేయాలా, వద్దా?

బండి మీద ఫ్యాక్టరీ పెయింట్ ఇంకా మిగిలి ఉంటే కాస్త ఆగండి. వెలిసిపోయినా, అక్కడక్కడా పెచ్చులూడినా, పాత బండ్లంటే ఇష్టపడేవాళ్ల దగ్గర ఆ పెయింట్‌కి విలువ ఉంది. ఒకసారి గీకేస్తే మళ్లీ తెచ్చుకోలేం. ముందు సబ్బునీళ్లతో కడిగి, పెద్దగా కనపడని చోట కొంచెం రబ్బింగ్ కాంపౌండ్‌తో (పై పొరని సన్నగా అరగదీసే పేస్టు) రుద్ది చూడండి. చాలాసార్లు పైనున్న మసక పొర పోయి కింద నిగనిగలాడే రంగే బయటపడుతుంది. అలా అయితే డబ్బాలు కొనకండి, పాలిష్ కొనుక్కోండి.

మధ్యలో ఎవరో రంగు మార్చేసిన బండి అయితే ఆ బెంగ అక్కర్లేదు. అది తెలుసుకోవడం తేలికే. టాంకు తీసి, అది ఫ్రేమ్ మీద కూర్చునే అడుగు గాడిలో చూడండి. బ్యాడ్జీల స్క్రూలు విప్పి వాటి వెనక చూడండి. అక్కడ వేరే రంగు కనిపిస్తే పైది తర్వాత వేసిందన్నమాట. వైర్ల మీద, రబ్బర్ల మీద పెయింట్ తుంపరలు ఉన్నా అంతే. రంగు మ్యాచింగ్‌కి శాంపిల్ తీసుకోవాల్సింది కూడా ఈ ఎండ తగలని చోట్ల నుంచే. ఆ అడుగు గాడిలో బొటనవేలంత మేర పాత పెయింట్‌ని ముట్టుకోకుండా వదిలేయండి. బండి అసలు రంగేమిటో రేపు ఎవరికైనా తెలియాలంటే అదొక్కటే ఆధారం.

టాంకు మీద గీతలు ఉంటే గీకకముందే ఫోటోలు తీసుకోండి. ఒక్క ఫోటోలతో సరిపోదు. గీత వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు, టాంకు అతుకు నుంచి ఎంత దూరంలో ఉంది, మూత దగ్గర ఎలా వంపు తిరిగింది అన్నవి స్కేలుతో కొలిచి రాసుకోండి. వంపులున్న చోట ట్రేసింగ్ పేపర్ అంటించి పెన్సిల్‌తో దించుకుంటే తర్వాత చాలా కలిసొస్తుంది. రంగే మారుస్తుంటే, బండి కాగితాల్లో రంగు రాసి ఉందేమో చూసుకోండి.

రంగు, క్లియర్, మాస్కు

డబ్బాల్లో దొరికే పెయింట్‌ని పని కోసం రెండు రకాలుగా అనుకోండి. మొదటిది మామూలు సింగిల్ డబ్బా. యాక్రిలిక్ లాకర్ ఇందులోదే. లాకర్‌లో ద్రావకం ఆవిరైపోతే పెయింట్ ఆరినట్టే, ఇంకే రసాయన చర్యా జరగదు. కాబట్టి మళ్లీ ద్రావకం తగిలితే మళ్లీ మెత్తబడుతుంది, పెట్రోల్ ఆ పని కొంత చేస్తుంది. రెండోది టూ-కే, అంటే హార్డెనర్ విడిగా ఉండే పెయింట్. డబ్బా అడుగున ఒక పిన్ ఉంటుంది. దాన్ని నొక్కితే లోపల హార్డెనర్ కలిసి, పెయింట్ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. పూర్తిగా గట్టిపడ్డాక పెట్రోల్ దాన్ని అంత సులువుగా ఏమీ చేయలేదు. టాంకు పైన చివరి కోటు టూ-కే క్లియరే, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పొరే కావాలి. ఇందులో బేరం లేదు.

దానికో ఖరీదుంది, అది మీ ఊపిరితిత్తులకు. టూ-కే క్లియర్ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. పీలిస్తే ఉబ్బసం తెప్పించగలవు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. వాసనను బట్టి ప్రమాదాన్ని అంచనా వేయలేం. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దీనికి ఎందుకూ పనికిరావు. రంగు, దాని కింద వేసే ప్రైమర్ కొట్టడానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జులు (ద్రావకాల ఆవిరిని పట్టేవి), వాటి ముందు పార్టిక్యులేట్ ఫిల్టర్లు (తుంపరల్ని ఆపేవి) ఉన్న రబ్బరు మాస్కు సరిపోతుంది. ఐసోసైనేట్లకు మాత్రం బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కే సరైనది. కళ్లజోడు, నైట్రైల్ గ్లవ్స్, చేతులు పూర్తిగా కప్పే చొక్కా ఎలాగూ ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే రంగు వరకు మీరు వేసుకుని, క్లియర్ కోటు పెయింటింగ్ షెడ్డులో కొట్టించుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు. కింద ఏ పెయింట్ వేశారో మాత్రం వాళ్లకి చెప్పండి.

ఇక రంగు. మొదటిసారి అయితే నలుపు, ఎరుపు, క్రీమ్ లాంటి సాదా రంగుల్లోకి వెళ్లండి. మెటాలిక్‌లో ఉండే అల్యూమినియం రేకులు ఒకచోట ఎక్కువ తడిగా, ఒకచోట పొడిగా పడితే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. డబ్బాలో పెయింట్ నింపి స్ప్రే చేయడం 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సేమూర్ మొదలుపెట్టాడు. ఆయన మొదట నింపింది అల్యూమినియం రంగే. డబ్బాతో బాగా ఇబ్బంది పెట్టే రంగుల్లో ఇప్పటికీ ఆ సిల్వర్ ఒకటి! 1969 నాటి హోండా సీబీ750 లాంటి బండ్ల మీద ఉండే క్యాండీ రంగులు ఇంకా కష్టం. మెరిసే బేస్ మీద పారదర్శకమైన రంగు పొరలు పడతాయి కాబట్టి, ప్రతి పొరతోనూ రంగు చిక్కబడుతుంది. ఒక్కచోట చెయ్యి ఆగినా తెలిసిపోతుంది.

టాంకు, రెండు సైడ్ ప్యానెళ్లు, రెండు మడ్‌గార్డులకు కలిపి 400 మిల్లీలీటర్ల డబ్బాలు ప్రైమర్ రెండు, రంగు మూడు నాలుగు, క్లియర్ రెండు మూడు పట్టొచ్చు. రంగు డబ్బాలన్నీ ఒకే బ్యాచ్ నంబరువి ఒకేసారి తీసుకోండి. మధ్యలో అయిపోయి మళ్లీ తెస్తే షేడ్ కొంచెం తేడా రావచ్చు.

విప్పడం, టాంకు లోపలి పని

బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. పెట్రోల్ పూర్తిగా దించి, పెట్రోల్ కాక్ (టాంకు అడుగున ఉండే కుళాయి) విప్పి, టాంకును ఆరుబయట మూత తీసి ఉంచండి. ఖాళీ టాంకే ఎక్కువ ప్రమాదం. పెట్రోల్ సుమారు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా మండే ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి టాంకు అడుగున, గది నేల మీద నిలబడి ఉంటుంది. టాంకుకి వెల్డింగ్ పని ఉంటే అది తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

లోపల తుప్పు ఉంటే దాని సంగతి పెయింట్‌కి ముందే చూడాలి. సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పోసి తుప్పు కరిగించడం, తర్వాత వంటసోడా నీళ్లతో కడగడం, వెంటనే ఆరబెట్టడం, కావాలంటే లోపల సీలర్ పోయడం, వీటిలో ఏది ఒలికినా కొత్త పెయింట్ పాడవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. పాత టాంకుల్లో సన్నటి రంధ్రాలు తుప్పు వల్లో, పాత పెయింట్ వల్లో మూసుకుపోయి ఉంటాయి. గీకాక, తుప్పు కరిగాక బయటపడతాయి. పైన మెరిసే పెయింట్ వేశాక బయటపడితే ఏడవడమే.

క్రోమ్ భాగాల మీద పెయింట్ వేయాలనుకోకండి. నున్నటి క్రోమ్‌కి పెయింట్ పట్టదు, పెచ్చులుగా లేస్తుంది. ఫ్రేమ్ కూడా ఈ పద్ధతికి పెద్దగా నప్పదు. రాళ్ల దెబ్బలు తట్టుకోవాలంటే పౌడర్ కోటింగే మేలు. ఫ్రేమ్ మీద పని చేసినా ఛాసిస్ నంబరు ఉన్న చోట గీకొద్దు, పుట్టీ అసలే పెట్టొద్దు. ఆ అంకెలు ఎప్పుడూ చదవడానికి వీలుగా ఉండాలి. ఎర్త్ వైరు తగిలే చోటు, బేరింగులు కూర్చునే చోట్లు, మరలు టేపుతో మూసేయండి.

గీకడం, పుట్టీ

పాత పెయింట్ ఏ రకమో చూడటానికి గుడ్డ మీద కొంచెం థిన్నర్ వేసి ఒక మూల రుద్దండి. రంగు గుడ్డకి అంటితే అది లాకర్ అయి ఉండొచ్చు, పైన కొట్టే కొత్త పెయింట్ దాన్ని ముడతలు పెట్టే అవకాశం ఉంది. అలాంటప్పుడు మొత్తం ఇనుము దాకా తీసేయడమే మంచిది. గుడ్డకి అంటకుండా, గట్టిగా పట్టుకుని ఉంటే, దాన్ని గరుకు చేసి దాని మీదే వేయొచ్చు. పాతకాలపు పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకి దుమ్ము లేపకండి. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి, వచ్చిన బురదని తుడిచి కవర్లో వేయండి.

తుప్పు పట్టిన చోట వైర్ బ్రష్‌తో వదులుగా ఉన్నదంతా రాల్చి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు పట్టించి, దాని డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టండి. సొట్టలకు రెండు భాగాల పుట్టీ వాడతాం. దాన్ని 80 నంబరు పేపర్‌తో గరుకు చేసిన శుభ్రమైన ఇనుము మీద పెట్టాలి. హార్డెనర్ బరువులో సుమారు 2 శాతం చాలు. త్వరగా ఆరుతుందని ఎక్కువ కలిపితే తర్వాత రంగు మీదికి మరకలా తేలుతుంది. మందం 3 మిల్లీమీటర్లు దాటేంత సొట్ట అయితే ముందు ఇనుమునే సరిచేయించాలి.

పుట్టీ 80తో మొదలుపెట్టి 180, ఆ తర్వాత 320 నంబరుతో దించండి. ఎప్పుడూ పేపర్‌ని రబ్బరు బ్లాకుకి చుట్టి రుద్దండి. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల కింద గాడులు పడతాయి, పెయింట్ మెరిశాకే అవి కనిపిస్తాయి. పాత పెయింట్ అంచు ఇనుముతో కలిసే చోట కళ్లు మూసుకుని గోటితో అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే ఇంకా పని ఉన్నట్టే. కంటికి కనపడని ఆ మెట్టు క్లియర్ కోటు పడ్డాక పటంలో నది గీతలా మెరుస్తూ కనిపిస్తుంది.

ప్రైమర్

గ్రీజు తీసే ద్రావకంతో తుడవండి. ఒక గుడ్డతో పూసి, అది ఆరేలోపే ఇంకో శుభ్రమైన గుడ్డతో ఎత్తేయాలి. ఇక్కడి నుంచి ఒట్టి చేత్తో ముట్టుకోకండి. ఆ దగ్గర్లో సిలికాన్ ఉన్న పాలిష్ గానీ, చైన్ స్ప్రే గానీ వాడకండి. ఆ తుంపర ఒక్కటి పడినా పెయింట్ అక్కడ గుండ్రంగా విడిపోయి చేప కన్నులా గుంట పడుతుంది.

ఇనుము బయటపడిన చోట్ల మాత్రం ఎచ్ ప్రైమర్ (ఉత్త ఇనుముని పట్టుకునే యాసిడ్ ప్రైమర్) పల్చగా ఒక కోటు కొట్టండి. పుట్టీ మీద అది పడకుండా చూసుకోండి. దాని మీద ఫిల్లర్ ప్రైమర్, అంటే చిన్న గీతల్ని నింపే మందపాటి ప్రైమర్, రెండు మూడు కోట్లు. అది బాగా ఆరాక వేరే ముదురు రంగు డబ్బాతో దూరం నుంచి మంచు పట్టినట్టు తుంపరలు చల్లి, 400 నంబరు వాటర్ పేపర్, బ్లాకుతో రుద్దండి. నల్ల చుక్కలు మిగిలిన చోట పల్లం ఉన్నట్టు. ముందే ఇనుము బయటపడిన చోట ఎత్తు ఉన్నట్టు. ఇది చూశాక ఊహించుకోవడానికి ఏమీ మిగలదు, సొట్టలన్నీ వాటంతటవే బయటపడతాయి. పల్లాలకు మళ్లీ ప్రైమర్, మళ్లీ రుద్దుడు. చివరి చుట్టు 600 నంబరుతో ముగించండి. ఈ దశలో విసుగొస్తుంది. పర్వాలేదు, ఒక రోజు వదిలేసి మర్నాడు రండి. విసుగుతో రంగు మొదలుపెట్టడంకంటే అదే నయం.

రంగు కొట్టడం

18 నుంచి 25 డిగ్రీల మధ్య, గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. వాన రోజున లాకర్ కొడితే ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. అక్కడ గాలిలో తేమ చేరి పాలు చల్లినట్టు తెల్లటి మసక వస్తుంది. గాలి ఆడే చోటు కావాలి, ఈదురుగాలి వద్దు. నేల తడిపితే దుమ్ము లేవదు. దగ్గర్లో స్టవ్, గీజర్ మంట, స్పార్క్ వచ్చే మోటార్ ఏదీ ఉండకూడదు. టాంకును మౌంటింగ్ రంధ్రాల నుంచి గట్టి తీగతో వేలాడదీయండి, లేదా అన్ని వైపులా చెయ్యి తిరిగేలా స్టాండు మీద కూర్చోబెట్టండి. పక్క నుంచి ఒక లైటు పడితే తడి అంచు ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు టాంకు మీద కాదు, సైడ్ ప్యానెల్ మీద మొదలుపెట్టండి. అది చదునుగా ఉంటుంది, చిన్నది, చెడినా రుద్ది మళ్లీ వేయొచ్చు. చెయ్యి అలవాటయ్యాక మడ్‌గార్డులు, ఆఖరికి టాంకు.

డబ్బాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే స్ప్రే సన్నగా, సమంగా వస్తుంది. 50 డిగ్రీలు దాటిన వేడి మాత్రం డబ్బాకి ప్రమాదం, కాబట్టి పొయ్యి మీద నీళ్లలో పెట్టే ఆలోచన వద్దు. లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపండి. దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు. స్ప్రే నొక్కడం వస్తువు బయటే మొదలుపెట్టి, దాని మీదుగా ఒకే వేగంతో వెళ్లి, అవతలి అంచు దాటాకే వేలు తీయాలి. మణికట్టు తిప్పితే మధ్యలో ఎక్కువ, చివర్లలో తక్కువ పడుతుంది. మొత్తం చెయ్యి కదలాలి. ప్రతి చారా ముందు చారలో సగం మీద పడాలి. ముందు అంచులు, అడుగు, మూత చుట్టూ ఉన్న మలుపులు, ఆ తర్వాత పెద్ద చదునులు.

మొదటి కోటు కింద ప్రైమర్ కనిపించేంత పల్చగా ఉండాలి. దాన్ని చూస్తే సంతృప్తి కలగదు, ఇంకాస్త కొట్టాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. 10–15 నిమిషాలయ్యాక రెండోది కాస్త తడిగా, ఆ తర్వాత మూడోది, కావాలంటే నాలుగోది. మధ్యలో నాజిల్ తుడుస్తూ ఉండండి, దాని మీద పేరుకున్న చుక్క సరిగ్గా టాంకు నడినెత్తిన పడుతుంది. లాకర్ కాకుండా ఎనామెల్ (గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడే సింగిల్ డబ్బా పెయింట్) అయితే డబ్బా మీద రాసిన రీకోట్ టైమ్, అంటే మళ్లీ కోటు వేయాల్సిన సమయం, తప్పకుండా పాటించండి. సగం ఆరిన పొర మీద మళ్లీ ద్రావకం పడితే అది ఉబ్బి ముడతలు పడుతుంది. గంటలోపే వేయాలని, లేదంటే రెండు రోజులు ఆగాలని అందుకే రాస్తారు.

కారితే తుడవకండి. చేతి వేళ్లు దూరంగా పెట్టుకుని పూర్తిగా ఆరనివ్వండి, తర్వాత బ్లాకు, 600 పేపర్‌తో ఆ చుక్కని దించి మళ్లీ కోటు వేయండి. పురుగు వాలినా ఇదే వైద్యం.

గీతలు, బ్యాడ్జీలు

గీతలకు మామూలు మాస్కింగ్ టేప్ చాలదు, దాని అంచు కింద పెయింట్ పాకుతుంది. సన్నటి ప్లాస్టిక్ ఫైన్‌లైన్ టేప్ తెచ్చుకోండి. అది వంపుల్లో సాగుతుంది. ముందు దించుకున్న ట్రేసింగ్ పెట్టి టేప్ అంటించి, టేప్ అంచు మీద ముందు కింది రంగునే పల్చగా కొట్టండి. పాకేదేదో అదే పాకి అంచు మూసేస్తుంది. ఆ తర్వాత గీత రంగు. పెయింట్ పూర్తిగా ఆరకముందే టేప్‌ని వెనక్కి మడిచినట్టు మెల్లగా లాగండి. గీత కాస్త వంకరగా వచ్చిందని బాధపడకండి, పాత టాంకుల మీద చేతితో గీసిన గీతలు కూడా నూటికి నూరు తిన్నగా ఉండవు. స్టిక్కర్లు క్లియర్ కింద పడేలా ఇప్పుడే అంటించి, వాటి మీద ఆ క్లియర్ ముడత తెప్పించదని ముందు ఒక ముక్క మీద పరీక్షించుకోండి.

క్లియర్, మెరుగు

రంగు డబ్బాలోని కొంచెం పెయింట్‌ని రేకు ముక్క మీద కొట్టి, దాని మీద క్లియర్ కొట్టి చూశాకే టాంకు జోలికి వెళ్లండి. పిన్ నొక్కాక టూ-కే డబ్బాకి ఆయుష్షు తక్కువ. ఎంతసేపో డబ్బా మీదే ఉంటుంది, కాబట్టి క్లియర్ పడాల్సినవన్నీ వరసగా సిద్ధంగా పెట్టుకుని అప్పుడే నొక్కండి. ఒక పల్చని కోటు, కాసేపాగి రెండు తడి కోట్లు. మూత చుట్టూ ఉన్న పెదవి లోపలి అంచు దాకా క్లియర్ పట్టాలి. పెట్రోల్ కిందికి దూరి పెయింట్‌ని లేపేది ఎప్పుడూ అక్కడి నుంచే.

గట్టిపడ్డాక నారింజ తొక్కలా గరుకుగా ఉంటే 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో సబ్బునీళ్లు చల్లుతూ రుద్ది, కాంపౌండ్‌తో మెరుగు తెప్పించండి. అంచుల మీద మాస్కింగ్ టేప్ అంటించి రుద్దండి. క్లియర్ అన్నిటికంటే పల్చగా ఉండేది, ముందు అరిగిపోయేది అంచుల దగ్గరే. తెల్లటి నీళ్లు కారుతున్నంతసేపు క్లియర్ రుద్దుతున్నట్టు. రంగు నీళ్లు వస్తే వెంటనే ఆపేయండి.

బిగించే ముందు కొన్ని రోజులు ఆరనివ్వండి. వేలిగోటితో అడుగున నొక్కి చూస్తే గుర్తు పడకూడదు. టాంకు రబ్బర్లు కొత్తవి వేయండి, ఎండిపోయిన పాతవి ఫ్రేమ్‌కి ఒరుసుకుని పెయింట్ తినేస్తాయి. మూత వాషర్ కూడా మార్చండి. మొదటిసారి పెట్రోల్ పోసేటప్పుడు మూత చుట్టూ తడి గుడ్డ పరచండి, నిండా పోయకండి. కాక్ దగ్గర ఒక గంట తర్వాత వేలు పెట్టి తడి ఉందేమో చూసి, అప్పుడు బండి స్టార్ట్ చేయండి.